భుజాల బాకీ

పడమటి దేశపు దూత రజతకేతన నగరంలో అడుగుపెట్టిన పొద్దుటిపూట అంగడివీధిలో బేరాలన్నీ ఆగిపోయాయి. అంత పొడవాటి మనిషిని ఆ ఊరు ఎన్నడూ చూసి ఎరగదు. మేడల మీది ఆడవాళ్ళు వంగి చూడనక్కర లేకుండానే ఆయన ముఖంలోకి నేరుగా చూశారు. మెడ నుంచి మడమల దాకా జీరాడే ఊదారంగు పట్టు అంగీ, దాని నిండా జరీ నెమళ్ళు, తల మీద గుమ్మడికాయంత తలపాగా, గుండెకు హత్తుకున్న తేనెకుండ. ముఖంలో గాంభీర్యం కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది.

వచ్చిన చిక్కల్లా కాళ్ళతోనే. ముఖం రాజవీధి వైపు చూస్తుంటే కాళ్ళు అరిసెలు వండే కొట్టు వైపు తిరిగాయి. దూతగారు తన కడుపు మీద తానే ఒక గుద్దు గుద్దుకున్నారు. కాళ్ళు మళ్ళీ దారిలో పడ్డాయి. ఇది పడమటి దేశపు మర్యాద కాబోలని జనం కూడా తమ తమ కడుపుల మీద గుద్దుకుని ఆయనకు నమస్కారం చేశారు.

"బావా, నెయ్యి వాసన వస్తా ఉంది," అంది కడుపు.

"గమ్మున నడువు," అన్నాడు దూత, పెదవులు కదపకుండా.

ఆ అంగీలో ఉన్నది ఒకడు కాదు, ఇద్దరు. పై సగం జుంటికొండ తేనెగాడు కొమ్మన. కింది సగం అతడి భార్య తమ్ముడు బూచన. వీళ్ళు ఇలా ఒకరి మీద ఒకరు ఎందుకు ఎక్కవలసి వచ్చిందో చెప్పకుండా ముందుకు పోతే నాకు పాపం చుట్టుకుంటుంది.

జుంటికొండ పేరుకే కొండ, నిజానికి అది మబ్బుల దాకా లేచిన రాతిగోడ. దాని నడుమ ఏనుగు చెవులంతేసి తేనెపట్లు వేలాడుతుంటాయి. తేనెగాడు కొండకొమ్ము నుంచి తాడు మీద దిగి, పొగ పెట్టి, పట్టు కోసుకుని మళ్ళీ తాడు మీదే పైకి వస్తాడు. పైన తాడు పట్టేవాడు తప్పకుండా బావమరిదే అయి ఉండాలి. అన్నదమ్ములను నమ్మరు, కన్నకొడుకును కూడా నమ్మరు. అక్క పసుపుకుంకాలు చేతిలో ఉన్నవాడు తాడు వదలడని ఆ కొండవాళ్ళ లెక్క. కొమ్మన కింద తేనె తీస్తూ పాటలు పాడేవాడు. పైన బూచన వంత పాడేవాడు. ఇద్దరి గొంతులూ ఘోరమే. తేనెటీగలు పారిపోయేది పొగకు కాదనీ, ఆ పాటకనీ ఊళ్ళో నవ్వుకునేవారు.

ఒకనాడు కొమ్మన పట్టు దగ్గర వేలాడుతుండగా, లోయలోకి ఒక గాలిమంచం దూసుకొచ్చింది. నాలుగు వెండి కోళ్ళు, చుట్టూ వజ్రాల అంచు, పైన పట్టు పరుపు, పరుపు మీద బాసింపట్టు వేసుక్కూర్చున్న ఒక గడ్డం మనిషి. మంచం అంచు తాడును అరటిబోదెను కోసినట్టు కోసుకుంటూ పోయింది. మంచం మీది మనిషి వెనక్కి తిరిగి చూశాడు. చూసి, పోనిమ్మన్నట్టు చెయ్యి ఊపి, మబ్బుల్లోకి పోయాడు. కొమ్మన కిందపడ్డాడు. వెదురుపొదలు అడ్డం రాబట్టి ప్రాణం మిగిలింది గాని, నడుము కింద ఒళ్ళు తనది కాకుండా పోయింది.

ఆ రాజ్యంలో అంగఋణమని పాత చట్టం ఒకటి ఉంది. ఒకరి అవయవాన్ని పోగొట్టినవాడు, పోగొట్టుకున్నవాడు బతికున్నంత కాలం ఆ అవయవమై బతకాలి. కన్ను పోగొట్టినవాడు పక్కనే ఉండి లోకాన్ని చూసి చెప్పాలి. చెయ్యి పోగొట్టినవాడు అన్నం కలిపి పెట్టాలి. కాళ్ళు పోగొట్టినవాడు మోయాలి. ధనం పారేసి తప్పించుకుందామంటే కుదరదు. జుంటికొండ పెద్దలు పంచాయితీ చేశారు. గాలిమంచాన్ని కొమ్మన తప్ప ఎవరూ చూడలేదు. పడిపోయేవాడికి ఏవేవో కనిపిస్తాయిలే అన్నారు పెద్దలు. తాడు పట్టినవాడిదే పూచీ కాబట్టి బూచన తన బావను జన్మంతా మోయాలని తీర్పు చెప్పారు.

బూచన ఒక్క మాట ఎదురు చెప్పలేదు. బావను భుజాలకెత్తుకున్నాడు. ఎత్తుకున్నవాడు దించలేదు. అతడికి అంతకుముందే సన్నెమ్మ అనే పిల్లతో సంబంధం కుదిరి ఉంది. ఆ పిల్ల ఇంటికి మాటలకు వెళ్తే, భుజాల మీది కొమ్మనే వాళ్ళతో చక్కగా కబుర్లాడి, మర్యాదలు చేయించుకుని, పెళ్ళికొడుకు కంటే తనే బాగున్నాడనిపించుకున్నాడు. చివరకు పిల్ల తండ్రి, భుజాలు ఖాళీ అయ్యాక రా నాయనా అని బూచనను సాగనంపాడు. దారి పొడుగునా కొమ్మన నవ్వించాలని చూశాడు. బూచన నవ్వాడు కూడా. ఆ నవ్వు విన్నాకే కొమ్మన మనసులో ఒక పట్టుదల పుట్టింది. తన కాళ్ళు ఎలాగూ రావు. బామ్మర్ది భుజాలు మాత్రం వాడికి తిరిగి ఇప్పించి తీరాలి.

ఆ గడ్డం మనిషి ఎవరో కనుక్కోవడం కష్టం కాలేదు. గాలిమంచం ఉన్నవాడు లోకంలో ఒక్కడే. అతడు రజతకేతన ఆస్థాన మాంత్రికుడు గగనపాదుడు. అతడి మీద తీర్పు చెప్పగలిగేది మహారాణి కువలయావతి ఒక్కతే. ఆమె కొలువు తీరేది గగనసభలో. అందులోకి సొంత కాళ్ళ మీద నడవలేనివాళ్ళు రాకూడదని, అలాంటివాళ్ళు కంటపడితే రాజ్యానికి అరిష్టమని కట్టడి పెట్టించినవాడు కూడా గగనపాదుడే. అందుకే ఈ అంగీ, ఈ తలపాగా, ఈ పడమటి దేశం.

రాజవీధి మలుపు తిరగగానే గగనసభ కళ్ళబడింది. కొమ్మన అంతటివాడు కూడా ఒక్క క్షణం గాంభీర్యం మరిచి నోరు తెరిచాడు. నేలకూ మబ్బులకూ మధ్య, స్తంభం లేకుండా, గొలుసు లేకుండా, పాలరాతి మండపం ఒకటి గాలిలో నిలిచి ఉంది. చంద్రకాంత శిలల గోపురాలు, పగడాల గవాక్షాలు, గవాక్షాల నుంచి వేలాడే సంపెంగ తీగలు, ఆ తీగల చుట్టూ తిరిగే చిలకల గుంపులు. ఎండ పడితే బంగారమై, నీడ పడితే నీలమై, గాలి వీస్తే వీణ మీటినట్టు మోగుతోంది. దాన్ని నిలబెట్టింది గగనపాదుడి మంత్రం. అతడి పాదం నేలను తాకనంత కాలమే ఆ మంత్రం పనిచేస్తుందని రాజ్యంలో పాలుతాగే పిల్లలకు కూడా తెలుసు. అందుకే అతడు మంచం దిగడు. తిండీ స్నానమూ నిద్రా అన్నీ మంచం మీదే. అరికాళ్ళు మాత్రం పసిపిల్లల బుగ్గల్లా మెత్తగా ఉంటాయట, చూసినవాళ్ళు చెప్పారు.

సభ నుంచి ఒక పెద్ద వెదురుబుట్ట తాడు మీద కిందికి దిగుతుంది. వచ్చినవాళ్ళను ఎక్కించుకుంటే పైనున్న కాపలావాళ్ళు గిలక తిప్పి లాగుతారు. దూతగారు బుట్ట ఎక్కారు. కింద పడమటి దేశపు మర్యాద నేర్చుకున్న జనం కడుపులు గుద్దుకుంటుండగా బుట్ట పైకి లేచింది. మేడలు అగ్గిపెట్టెలైపోయాయి, నది నడికట్టంత అయిపోయింది. అంగీ లోపల ఏమీ కనబడని బూచన ఎంత ఎత్తుకు వచ్చామని అడుగుతూనే ఉన్నాడు, కొమ్మన మోకాళ్ళెత్తున అని చెబుతూనే ఉన్నాడు.

సగం దూరం పోయాక గాలిమంచం బుట్ట పక్కకు తేలుతూ వచ్చింది. గగనపాదుడు పరుపు మీద ఒరిగి కూర్చుని దూతను తేరిపార చూశాడు. కొమ్మన అతణ్ణి వెంటనే గుర్తుపట్టాడు. అదే గడ్డం, అదే చెయ్యి. కాని ముఖం చెదరనివ్వకుండా, పడమటి దేశంలో అందరూ ఇంతే పొడుగనీ, తాను వాళ్ళలో పొట్టివాడిననీ, మహారాణికి కానుకగా తేనె తెచ్చాననీ తడుముకోకుండా చెప్పాడు. గగనపాదుడు మురిసిపోయి, అతిథి మర్యాదగా సుగంధపు పొడి గుప్పెడు తీసి దూత మీద చల్లాడు.

దూతగారు చిరునవ్వు నవ్వుతున్నారు. అంతలో ఆయన బొడ్డు దగ్గర నుంచి బ్రహ్మాండమైన తుమ్ము ఒకటి వచ్చింది. దాని వెనకే ఇంకొకటి. మూడోదానికి అంగీ బొత్తాలు ఊడి నదిలో పడ్డాయి.

గగనపాదుడు మంత్రదండంతో అంగీ తొలగించి చూశాడు. బూచన ముక్కు తుడుచుకుంటూ అతడికి నమస్కారం పెట్టాడు. కొమ్మనకు ఇక దాచేదేమీ లేదు. జుంటికొండ మీద తాడు తెంపింది నువ్వేనని, నిన్ను మహారాణి ముందు నిలబెట్టడానికే వచ్చానని ముఖం మీద చెప్పేశాడు. గగనపాదుడు దండం తిప్పాడు. బుట్ట తాడు పుటుక్కుమంది.

బుట్ట పోయింది, అంగీ పోయింది, తలపాగా పోయింది. తేనెకుండ మాత్రం సరిగ్గా గగనపాదుడి నెత్తిన పడి పగిలింది. కొమ్మన చేతులు కొమ్మన ఆజ్ఞ కోసం కూడా చూడలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తాళ్ళు పట్టుకున్న చేతులవి. తెగి ఊగుతున్న తాడు కొసను గాలిలోనే దొరకబుచ్చుకున్నాయి. బూచన జారుతూ జారుతూ బావ కాళ్ళను వాటేసుకుని వేలాడాడు.

"బావా, గట్టిగా పట్టుకున్నా. కాళ్ళు నొప్పా?"

"నాకేం తెలుస్తాదిరా? నీ ఇష్టమొచ్చినట్టు పట్టుకో."

ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆకాశంలో వేలాడుతూ ఆ బావా బావమరదులు కడుపుబ్బ నవ్వారు. ఏడాది పాటు మోసినవాడు కింద వేలాడుతున్నాడు, మోయించుకున్నవాడు ఒంటి బలంతో ఇద్దరినీ పైకి లాగుతున్నాడు. కొమ్మనకు ఆ నిమిషంలో తన ఒళ్ళు తనకు తిరిగొచ్చినంత సంతోషం కలిగింది.

గగనపాదుడు గడ్డం నిండా తేనెతో, పళ్ళు నూరుతూ, ఇంకో మంత్రం వేశాడు. కొమ్మన చేతిలో తాడు ఒక్కసారి చల్లబడింది, మెత్తబడింది, పొలుసులు తేలింది. చూస్తే అది తాడు కాదు, తాటిచెట్టంత కొండచిలువ. దాని తల పైన గిలక దగ్గరుంది, తోక కొమ్మన చేతుల్లో ఉంది. అది మెల్లగా తల తిప్పి కిందికి చూసింది. ఆకలిగానే చూసింది.

బూచన కళ్ళు మూసుకుని అక్కను తలచుకున్నాడు. కొమ్మన మాత్రం, పాము తల తన దాకా రావడానికి ముందే చేయగలిగిన పని ఏమిటా అని ఒక్క క్షణం ఆలోచించి, దాని తోకను కసుక్కున కొరికాడు.

అంతటి అవమానం ఆ పాము పుట్టాక ఎన్నడూ పడి ఉండదు. బుస్సుమని పైకి ఎగబాకింది. గిలక తిప్పే కాపలావాళ్ళు కెవ్వుమని పరుగు తీశారు. కొండచిలువ గిలక మీదుగా, గుమ్మంలోంచి, సభలోకి బాణంలా దూసుకుపోయింది. తోక పట్టుకున్న కొమ్మన, అతడి కాళ్ళు పట్టుకున్న బూచన ఆ వెనకే పాలరాతి నేల మీద జర్రున జారుతూ, రత్నకంబళ్ళను చుట్ట చుట్టుకుంటూ, మంత్రుల ఆసనాలను బోర్లా పడదోస్తూ పోయి సింహాసనం మెట్టుకు కొట్టుకుని ఆగారు. పాము పగడాల గవాక్షంలోంచి దూకి తన దారిన తాను పోయింది. తర్వాత అది ఏమైందో నాకు తెలియదు.

కువలయావతి మహారాణి నడివయసు మనిషి. కాటుక కళ్ళు, ముక్కున కెంపు బేసరి, నెమ్మదైన గొంతు. మంత్రులందరూ ఆసనాల మీదికెక్కి నిలబడి ఉంటే ఆమె కూర్చున్నచోటే కూర్చుంది.

"పడమటి దేశపు దూత ఒక్కడే వస్తున్నాడన్నారు," అంది. "దారిలో ఇద్దరయ్యాడా?"

బూచన అలవాటు ప్రకారం ముందు బావను భుజాలకెత్తుకుని, ఆ తర్వాతే నమస్కారం చేశాడు. కొమ్మన జరిగిందంతా విన్నవించాడు. తనకు ధనం వద్దన్నాడు, అగ్రహారం వద్దన్నాడు. తాడు తెంపినవాడే తనను మోయాలని, నేరం లేని బామ్మర్దిని విడిపించాలని, అదొక్కటే తన ఫిర్యాదని చెప్పాడు. అది చెప్పేటప్పుడు మాత్రం అతడి గొంతులో వేళాకోళం లేదు.

అప్పటికి గగనపాదుడు గవాక్షంలోంచి మంచంతో సహా లోపలికొచ్చి, సింహాసనానికి ఎదురుగా గాలిలో నిలిచాడు. గడ్డం కడుక్కుని వచ్చాడు గాని ఒక తేనెటీగ ఇంకా దాన్ని వదల్లేదు. ఫిర్యాదు విని జాలిగా నవ్వాడు. ఆ రోజు తాను పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఈ సభలోనే జపంలో ఉన్నానని, జుంటికొండ ఏ దిక్కున ఉందో కూడా తనకు తెలియదని ప్రమాణం చేశాడు. మహారాణి ఆ మాటను రెండుసార్లు చెప్పించుకుంది.

ఆ తర్వాత అతడు దండం ఊపాడు. ఎక్కడి నుంచో గలగలమంటూ వెండికాళ్ళ జత ఒకటి సభలోకి నడిచొచ్చింది. తొడల దగ్గర నుంచి బొటనవేళ్ళ దాకా మెరిసే కాళ్ళు. గజ్జెలు కట్టుకుని ఉన్నాయి. సభ మధ్యకు వచ్చి ఒక తకిట వేసి, కొమ్మన ముందు వినయంగా వంగి నిలబడ్డాయి.

"కొండవాడా, నీ మీద దయ కలిగింది," అన్నాడు గగనపాదుడు. "తొడుక్కో. పరుగెత్తు, కొండలెక్కు, నాట్యమాడు. బదులుగా ఒక్క మాట చాలు. తాడు వదిలింది నీ బావమరిదేనని సభలో చెప్పు."

కొమ్మన ఆ కాళ్ళ వంక చూస్తూ ఉండిపోయాడు. కావాలనిపించింది. చాలా కావాలనిపించింది. దాన్ని దాచి చెప్పడంలో అర్థం లేదు. కొండకొమ్ము మీద తన పాదాల కింద రాయి ఎలా ఉండేదో గుర్తొచ్చి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కింద నుంచి బూచన మెల్లగా, చెప్పెయ్ బావా, ఎట్లాగూ ఊళ్ళో అందరూ అదే అనుకుంటున్నారు, అన్నాడు. నిజంగానే అన్నాడు, దెప్పడానికి కాదు.

"కాళ్ళు బాగుండాయి స్వామీ," అన్నాడు కొమ్మన. "వీడి పేరు తొక్కుకుంటా నడవమంటే మాత్రం నా వల్ల కాదు. తీసుకుపో."

వెండికాళ్ళు చిన్నబుచ్చుకుని గోడ పక్కకు పోయాయి. గగనపాదుడికి ఒళ్ళు మండిపోయింది. తన దానం కాదన్నవాడిని అతడు జన్మలో చూడలేదు. మంచం మీద మోకాళ్ళపై లేచి వేలు చూపించాడు.

"వీడి కోసమా నీ త్యాగం? నువ్వు అక్కడ వేలాడుతుంటే వీడు పైన ఏం చేస్తున్నాడో అడుగు. బండ మీద చతికిలబడి జామపండు కొరుకుతున్నాడు. దోరజామపండు. రసం మోచేతి దాకా కారుతోంది. తల కూడా ఎత్తలేదు."

అందరికీ తెలియని సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. తాడు కిందికి దిగింది మొదలు పైకి వచ్చేదాకా, తాడు పట్టినవాడు నోట మెతుకు ముట్టకూడదు. మంచినీళ్ళు కూడా తాగకూడదు. ముడితే తాడుకు మైల తగిలి తెగుతుందని జుంటికొండవాళ్ళ నమ్మకం. తల్లి కడుపులోంచి వచ్చిన నాటి నుంచి ఆ మాట వింటూ పెరిగినవాడు బూచన.

అతడు మెల్లగా వంగి బావను సింహాసనం మెట్టు మీద కూర్చోబెట్టాడు. ఎదురుగా కూలబడి తల దించుకున్నాడు.

"నిజమే బావా. ఆకలేసింది. ఒక్కటే గదా అనుకున్నా. పండు సగంలో ఉండంగా తాడు తేలికైపోయింది. నా నోరే నీ కాళ్ళు తినేసిందని ఆ పొద్దే అనుకున్నా. అందుకే పెద్దలు మోయమంటే మారు మాట్లాడలా. అక్కకు గూడా చెప్పలా."

కొమ్మన అతడి వంక చూశాడు. ఏడాది పొడుగునా తన బరువు కింద నోరెత్తకుండా నడిచింది ఈ జామపండు కోసమా అని అతడికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. బామ్మర్ది జుట్టు పట్టుకుని తలను తన గుండెకు ఆనించుకున్నాడు.

"మిగతా సగం నాకోసం దాచినావా లేదా?"

"నీ మీదికే పడిపోయింది బావా," అన్నాడు బూచన, వెక్కుతూనే.

మహారాణి కువలయావతి చెంగుతో ముక్కు తుడుచుకుంది. తర్వాత గగనపాదుడి వైపు తిరిగింది. ఆమె గొంతు ఎప్పటిలాగే నెమ్మదిగా ఉంది.

"మాంత్రికవర్యా, ఈ మనిషి సొంత అక్కకు కూడా చెప్పని జామపండు మీకెలా తెలిసింది? మీరు ఆ రోజంతా ఇక్కడ జపంలో ఉన్నారు కదా."

గగనపాదుడు నోరు తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు. అదే అదనుగా గడ్డంలోని తేనెటీగ లోపలికి పోబోయింది. అతడు దగ్గుతూ నీళ్ళు నములుతుండగా మహారాణి లేచి నిలబడి తీర్పు చెప్పింది. అంగఋణం గగనపాదుడిదే. ఈనాటి నుంచి కొమ్మనకు అతడే కాళ్ళు. మంచం దిగి, తన సొంత పాదాలతో నేల మీద నడిచి మోయాలి. బూచన భుజాలకు ఏ బాకీ లేదు.

సభలో గగ్గోలు పుట్టింది. మంత్రులకు అప్పుడు తట్టింది అసలు విషయం. అతడి పాదం నేలను తాకితే సభ ఆకాశంలో ఉండదు, సభలో ఉన్నవాళ్ళూ ఉండరు. ప్రధానమంత్రి పరుగున వచ్చి కొమ్మన చేతులు పట్టుకుని, ఊరడింపుగా ఏదైనా తీసుకుని రాజీ పడమని బతిమాలాడు. సేనాపతి తన గుర్రాన్ని ఇస్తానన్నాడు. గగనపాదుడు మంచం మీద వెనక్కి వాలి, ఇప్పుడు చెప్పండి తీర్పు అన్నట్టు చేతులు కట్టుకున్నాడు.

మహారాణి వాళ్ళందరినీ ఒక్క చూపుతో ఆపింది. ఈ ఎత్తు మీద తనకు పన్నెండు నెలలూ కళ్ళు తిరుగుతూనే ఉన్నాయని, రాణి భయపడకూడదు కాబట్టి చెప్పలేదని ప్రకటించింది. బుట్టలు, నిచ్చెనలు, సంపెంగ తీగలు, ఏది దొరికితే అది పట్టుకుని అందరూ దిగాలని ఆజ్ఞ వేసింది. చివరి మనిషి దిగాక కింద పెద్ద నగారా మోగుతుంది. అది మోగిన మరుక్షణం గగనపాదుడి పాదం నేల మీద ఉండాలి.

గగనపాదుడి ముఖం మాడిపోయింది. మంచాన్ని గిర్రున తిప్పి గవాక్షం వైపు పారిపోబోయాడు. మంచం సింహాసనం పక్క నుంచి పోతుండగా, మెట్టు మీద కూర్చున్న కొమ్మన రెండు చేతులూ నేలకు ఆనించి, ఒంటినంతా ఊపి విసిరాడు. ఇందాక ఆకాశంలో ఇద్దరి బరువూ మోసిన చేతులవి. సరిగ్గా వెళ్ళి మాంత్రికుడి మెడ మీద పడి, గడ్డాన్ని రెండు చుట్లు పిడికిట చుట్టుకున్నాడు.

"తీర్పు వచ్చింది స్వామీ. నడువు," అన్నాడు.

మంచం తాగినవాడిలా తూలుతూ సభా స్తంభాల మధ్య మూడు చక్కర్లు కొట్టింది. చిలకలు చెల్లాచెదురయ్యాయి. వెండికాళ్ళు భయంతో ఒకదాన్నొకటి తొక్కుకుంటూ స్తంభం ఎక్కాయి. గగనపాదుడు దండం ఎత్తబోతే కొమ్మన గడ్డం ఎడమకు లాగాడు, దండం జారి ఎటో పోయింది. మంచం గవాక్షాన్ని బద్దలు కొట్టుకుని బయటికి దూకబోతోంది.

సభ మధ్య బూచన నిలబడి ఉన్నాడు. భుజాలు ఖాళీగా ఉన్నాయి. ఎలా నిలబడాలో తెలియక ముందుకు తూలాడు. మహారాణి అతడి పక్కకొచ్చి, నీ బాకీ తీరిపోయింది నాయనా, అదుగో కొత్త తాడు కట్టి మొదటి బుట్ట దించుతున్నారు, ఎక్కి మీ ఊరికి పో, అని చెప్పింది. బూచన బుట్ట వైపు చూశాడు. ఆమెకు వంగి దండం పెట్టాడు. పెట్టి, వెనుదిరిగి గవాక్షం వైపు పరుగు తీశాడు.

మంచం ఆకాశంలోకి లేచిన క్షణంలో అతడు గవాక్షం అంచు మీద నుంచి ఎగిరి దూకాడు. వెండి కోడు ఒకటి చేతికి చిక్కింది. మంచం ఒక్క పక్కకు ఒరిగిపోయింది. గగనపాదుడు తన మెత్తని పాదాలు రెండూ కడుపులోకి ముడుచుకుని హాహాకారాలు చేశాడు. కింద నగరం గిర్రున తిరుగుతోంది, దూరాన ఎవరో అప్పుడే నగారా బిగిస్తున్నారు.

కొమ్మన కిందికి చూసి అదిరిపడ్డాడు. అతడికి పట్టరాని కోపం వచ్చింది.

"ఒరే బూచిగా, నీ బాకీ తీరిపోయింది గదరా. ఇంకెందుకు వచ్చినావురా, చచ్చేదానికా?"

కోడు పట్టుకుని గాలిలో జెండాలా ఎగురుతూ బూచన పైకి చూశాడు. అతడి ముఖం నిండా నవ్వుంది.

"తీరిపోయింది గాబట్టే వచ్చినా బావా. ఇన్నాళ్ళూ పెద్దలు మోయమంటే మోసినా. ఈ పొద్దు నన్నెవరూ రమ్మన్లా."

కొమ్మన ఒక చెయ్యి మాంత్రికుడి గడ్డంలో ఉంచి, రెండో చెయ్యి కిందికి చాచాడు. ఆ చేతిని బూచన అందుకునేలోపే, ముగ్గురి బరువుతో తలకిందులైన గాలిమంచం ఎదురుగా ఉరుముతున్న నల్లమబ్బులోకి దూసుకుపోయింది.